దారిలో ఉన్నాడు

జూలై 8

ఈ రోజు మైకులో నా పరువు పోయింది.

నాలుగో ప్లాట్‌ఫాం బెంచీ మీద ఎవరో గొడుగు మర్చిపోయారని స్వీపరమ్మ తెచ్చి నా కిటికీలో పెట్టింది. నల్లది, చెక్క పిడి. ఈ బస్‌స్టాండులో ఇలాంటి గొడుగుల గురించి నేను ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కే లేదు. గంట మోగించాను, స్విచ్ నొక్కాను, "ప్రయాణికులకు గమనిక" అన్నాను. తర్వాతి మాట రాలేదు. వస్తువు ఎదురుగా ఉంది, చేత్తో పట్టుకుని చూస్తున్నాను, దాని పేరు మాత్రం లేదు. మైకు ఆన్‌లోనే ఉంది. చివరికి "వానలో నెత్తి మీద పట్టుకునేది ఒకటి ఎవరో మర్చిపోయారు" అన్నాను.

బస్‌స్టాండంతా నవ్వింది. మీసాల డ్రైవరు పని మానుకుని మరీ నా గాజు కిటికీ దగ్గరికొచ్చాడు.

"మేడమ్, కాళ్లకి తొడుక్కునేవి కూడా ఎవరో మర్చిపోయారట, చెప్పండి."

"నీ నెత్తి మీద ఉండాల్సినవి ఎక్కడ మర్చిపోయావో చెప్పు, అవీ కలిపి చెబుతాను" అన్నాను. వాడికి మీసాలున్నంతగా జుట్టు లేదు.

ఆ జవాబు తడుముకోకుండా వచ్చింది. గొడుగు మాత్రం వాడు వెళ్లిపోయాక వచ్చింది. నిద్ర చాలలేదు, అంతే.

జూలై 11

నిద్ర చాలకే.

జూలై 15

పాలగిన్నె దించబోతే చెయ్యి కాలింది. దించడానికి ఒకటి ఉంటుంది కదా, రెండు పళ్లతో గిన్నె అంచు పట్టుకునేది. అది కనబడలేదు. దాని పేరూ కనబడలేదు. ఇక్కడ కొంచెం చోటు వదులుతున్నాను:

జూలై 16

పట్టకారు.

జూలై 22

రాయకుండా ఉండలేను కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం మైకులో ఆరో ప్లాట్‌ఫాం బస్సు చెబుతుండగా నాలుక మొద్దుబారింది. కుడిచేతి వేళ్లు వాటంతటవే కొట్టుకున్నాయి. మైకు కింద పడింది. పడిన చప్పుడు బస్‌స్టాండంతా వినిపించిందట. మీసాల డ్రైవరు తన బస్సు ఇంకొకడికి అప్పగించి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. దారిలో ఒక్క జోకూ వెయ్యలేదు. అప్పుడే నాకు భయమేసింది.

స్కానింగ్ గొట్టంలో పడుకోబెట్టారు, చుట్టూ టకటకా చప్పుళ్లు. తర్వాత డాక్టరు తెర మీద నా తల లోపల చూపించాడు. ఈయన ఎంత చిన్నగా మాట్లాడతాడంటే, నా మైకు ఇవ్వాలనిపించింది. ఎడమవైపు తెల్లగా, రేగుపండంత. "మాటలుండే చోటుకి ఆనుకుని ఉందమ్మా" అన్నాడు. "గడ్డ తియ్యాలి. ఎంత తీస్తే అంత మంచిది. కానీ మాట పోకుండా తియ్యాలి."

మనిషికి ఎక్కడ రోగం రావాలో రోగానికి బాగా తెలుసు. మోకాలికి రావచ్చు కదా. నేను కూర్చుని చేసే ఉద్యోగమే.

"వెంట ఎవరొచ్చారు? ఇంట్లోవాళ్లు?" అనడిగాడు.

"తమ్ముడు దారిలో ఉన్నాడు" అన్నాను.

మా పనిలో ఇది మొదట నేర్పే మాట. ఒక బస్సు రావలసిన సమయానికి రాలేదు, ఎక్కడుందో తెలియదు, అసలు బయల్దేరిందో లేదో కూడా తెలియదు. జనం కిటికీ మీద పడి అడుగుతారు. "తెలియదు" అంటే తిరగబడతారు. "దారిలో ఉంది" అంటే బెంచీలకు వెళ్లి కూర్చుంటారు. అబద్ధం కాదు, ఊరడింపు. డాక్టరు కూడా తలూపి వెళ్లిపోయాడు.

జూలై 24

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పనిలో ఉంటాడు.

జూలై 25

మోగకముందే పెట్టేశాను. డైరీకి కూడా అబద్ధం చెబితే ఇంకెవరికి చెప్పుకోవాలి.

ఆగస్టు 2

సెలవు పెట్టాను. నా సీట్లో ఎవరినీ పెట్టలేదట. నా పాత రికార్డింగులే వేసుకుంటున్నారట. మీసాల డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు: "మీరు లేకపోయినా మా మీద అరుస్తూనే ఉన్నారు మేడమ్." నవ్వాను. పెట్టేశాక ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కుళాయి ఒక్కటి చుక్కలు పడుతోంది.

అంతమందికి వినిపించే గొంతు నాది. ఇంటికొచ్చాక దాంతో పని లేదు. తాళం తీస్తాను, దీపం వేస్తాను, కంచం ఒకటి కడుగుతాను. వీటిలో దేనికీ మాట అక్కర్లేదు.

ఆగస్టు 6

ఈ రోజు ఒక కొత్త మనిషి తగిలింది. మాటల చికిత్స చేసే అమ్మాయి. ఒళ్లో బొమ్మల అట్టలు పెట్టుకుని ఒక్కొక్కటే చూపించి పేరు అడుగుతుంది. అందుకే బొమ్మలమ్మ అని పేరు పెట్టాను. ఎదురుగా అనలేదు.

"ఆపరేషన్ మధ్యలో మిమ్మల్ని లేపుతామండీ" అంది, టీ తాగుతారా అన్నంత మామూలుగా.

"తల తెరిచి ఉండగానా?"

"అవునండీ. మెదడుకి నొప్పి తెలియదు."

"నా మెదడుకి తెలియనివి చాలా ఉన్నాయిలే."

పక్కకి తిరిగి నవ్వుకుని చెప్పింది. డాక్టరు సన్నని కరెంటు పుల్లతో మెదడు మీద ఒక్కో చోటా తాకుతాడట. అదే సమయంలో తను నన్ను మాట్లాడిస్తూ ఉంటుందట. ఎక్కడ తాకితే నా మాట ఆగిపోతుందో ఆ చోట చిన్న కాగితం ముక్క పెడతారు. అది మాట ఉన్న చోటు, దాని జోలికి వెళ్లరు. కొన్నేళ్ల కిందటైతే ఇలాంటి గడ్డని ముట్టుకోకుండా వదిలేసేవారట, లేదా గడ్డతో పాటు మాటా పోయేది.

"కానీ ఒకటి" అంది. "మేం అడిగి చూసిన మాటనే కాపాడగలం. అడగనిది ఎక్కడుందో మాకు తెలియదు. అందుకని బొమ్మల పేర్లు ఒక్కటే చాలవు. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు కావాలి. ఎవరితో కబుర్లు చెబుతారు? ఎవరితో పోట్లాడతారు?"

"తమ్ముడితో" అన్నాను.

"ఎలా?"

అంతే, మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్నే వస్తాడని, వచ్చీ రాగానే తిన్నావా అని అడుగుతాడని, నేను వేళాకోళం చేస్తానని, వాడు అలుగుతాడని. గొడుగు రాని నోటికి ఈ అబద్ధాలన్నీ ఎంత చక్కగా వచ్చాయో.

"అయితే మీ తమ్ముడి గొంతు రికార్డు చేసి తీసుకురండి" అంది. "ఆయన మాట, తర్వాత మీ జవాబుకి కొంచెం ఖాళీ, మళ్లీ ఆయన మాట. అలా. ఆపరేషన్‌లో అది వినిపిస్తాను. అలవాటైన గొంతుకి మాట తొందరగా వస్తుంది."

సరే అన్నాను. ఇంకేం అనను.

ఆగస్టు 7

తమ్ముడు అద్దాలు కోసే పని చేస్తాడు. నా అనౌన్సింగ్ గది గాజు కూడా వాడు బిగించిందే. "ఇక నీ మాట అందరికీ వినబడుద్ది, నీకు మాత్రం ఎవడి గోలా వినబడదు, హాయిగా ఉండు" అన్నాడు అప్పుడు. చేతులనిండా కోతగాట్లు, వేళ్లకి ప్లాస్టర్లు.

అమ్మకి మాట పడిపోయాక రావడం తగ్గించాడు. పక్షవాతం వచ్చినరోజు పెద్ద డాక్టరు చూసి, పడిపోయిన మాట తెచ్చే మందు లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నాడు. తీసుకొచ్చాం. అమ్మ కళ్లతోనే మంచినీళ్లు అడిగేది, కళ్లతోనే తిట్టేది. వాడు గుమ్మంలో నిలబడి, చూడలేక, వెనక్కి తిరిగి వెళ్లిపోయేవాడు. నేను ఉండిపోయాను. ఎవరో ఒకరు ఉండాలి కదా.

అమ్మ పోయాక, ఖాళీ మంచం పక్కన ఇద్దరం ఒకరినొకరం అనుకోవాల్సినవన్నీ అనుకున్నాం. చివరికి వాడు "నీతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం" అన్నాడు. "అయితే గోడతోనే మాట్లాడుకో" అన్నాను. ఇద్దరం మాట మీద నిలబడే మనుషులం. నిలబడే ఉన్నాం.

తప్పు వాడిదే.

ఆగస్టు 9

రికార్డింగ్ అయింది.

చిన్నప్పుడు మేమిద్దరం ఖాళీ బిస్కెట్ల డబ్బాలో మూతి పెట్టి నాన్న గొంతుతో ఒకరినొకరం కేకలేసుకునేవాళ్లం. అది గుర్తొచ్చింది. డబ్బా దొరికింది. మూతి లోపల పెట్టి, గొంతు కిందకి దించి, తమ్ముడినయ్యాను.

"అక్కా, తిన్నావా?" ఖాళీ. "మందులేసుకున్నావా?" ఖాళీ. "నేనొస్తున్నా. ఏం తేను?" ఖాళీ. "తలుపు తీసుంచు, మళ్లీ గంట కొట్టించకు." ఖాళీ.

జవాబులు నేను ముందే రాసి పెట్టుకున్నాను. ఏం తేను అంటే "నువ్వొస్తే చాలు" అనాలి. చదివి చూసుకుంటే నాకే సిగ్గేసింది. వాడితో నేను ఏనాడూ అలా మాట్లాడలేదు. వాడు కూడా అంతే. అసలు వాడైతే రెండో మాటకే మూతి ముడుచుకునేవాడు. డబ్బాలో తమ్ముడు చాలా మంచివాడు.

ఆగస్టు 12

బొమ్మలమ్మ ఇయర్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని అంతా విన్నది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

"మీ తమ్ముడు కూడా మీలాగే అక్షరం అక్షరం ఒత్తి పలుకుతారే" అంది.

"ఒక తల్లి పిల్లలం."

వైరు చుట్టి జేబులో పెట్టుకుంది. "సరేనండీ. ఇదే వాడదాం" అంది. ఆపరేషన్ రోజు ఆయన వస్తారా అని అడిగింది.

"దారిలో ఉన్నాడు" అన్నాను. పొరపాటున. ఆపరేషన్‌కి ఇంకా వారం పైనే ఉంది.

ఆగస్టు 18

వార్డులో చేరాను. పక్క మంచానికి ఈ రోజు పొద్దున ఒక పెద్దావిడని తీసుకొచ్చారు. మూతి ఒక పక్కకి, చెయ్యి వాలిపోయి, మాట లేదు. అచ్చం అమ్మే. వెనకాల ఆవిడ మొగుడు, రెండు చెప్పులు రెండు చేతుల్లో పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. వెంటనే తీసుకెళ్లారు. తొడ దగ్గరి నరంలోంచి సన్నని గొట్టం తల దాకా పంపి, అక్కడ ఇరుక్కున్న రక్తపు గడ్డని లాగేశారట.

సాయంత్రానికి మంచం మీద పడుకుని మొగుణ్ణి తిడుతోంది. "చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడతావేంటయ్యా, కింద పెట్టు, ఎవరైనా చూస్తే నవ్వుతారు." మాట కొంచెం ముద్దగా ఉంది. ఆయన పెట్టలేదు. చెప్పులు పట్టుకునే ఏడుస్తున్నాడు.

నేను బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చాను. ఆవిడ బాగైనందుకు సంతోషమే. కానీ అమ్మకి ఆ గొట్టం లేదు. అమ్మ కాలానికి రాలేదో, మా దాకా రాలేదో. ఒక్క పూటలో తిరిగొచ్చేదట మాట. మాకు ఒక్క పూట ఎవరూ ఇవ్వలేదు. అమ్మ మాట్లాడి ఉంటే తమ్ముడు గుమ్మంలోంచి వెనక్కి తిరిగేవాడు కాదు. నన్ను ఇద్దరూ కలిసి తిడుతూ ఉండేవారు.

ఆగస్టు 20

రేపే. గుండు చేస్తారేమో అనుకున్నాను, ఒక పక్క కొంచెమే గీశారు. మీసాల డ్రైవరు వచ్చి చూసి, "ఇప్పుడు మన ఇద్దరికీ జోడీ కుదిరింది మేడమ్" అన్నాడు. తిరిగి ఏదో అనాలనుకున్నాను. మాట దొరికేలోపు విజిటర్ల టైం అయిపోయింది.

పెద్దావిడ అడిగింది, మీవాళ్లు ఎప్పుడొస్తారమ్మా అని. చెప్పాను. అదే చెప్పాను.

ఆగస్టు 23

బతికాను.

ఆగస్టు 24

చెయ్యి మాట వినదు. వంకర. నర్సు తాగించింది. తెల్లది. వేడి.

ఆగస్టు 26

పాలు.

నర్సు ఎలా ఉన్నారు అంది. బాగున్నాను అనాలి. నోట్లోంచి వచ్చింది ప్రయాణికులకు గమనిక.

గడగడా వచ్చింది. నర్సు నవ్వింది. నేను నవ్వాను. లోపల నవ్వలేదు.

ఆగస్టు 27

డాక్టరుకి కూడా. ప్రయాణికులకు గమనిక. బొమ్మలమ్మ చెప్పింది, ఇది మామూలే అని. వాపు తగ్గాలి. అంకెలు, వారాల పేర్లు, రోజూ వల్లించినవి అవే ముందొస్తాయి. అనుకుని చెప్పేవి తర్వాత. మెల్లగా. కొన్ని వారాలు.

ఆగస్టు 29

రోజూ ఒక గంట మాటల పాఠం. డబ్బా తమ్ముడితోనే.

అక్కా, తిన్నావా? నేను వెతుక్కుంటాను. తి. తిన్. ఈలోపు వాడు మందులేసుకున్నావా అంటాడు. మందుకి మాట వెతికేలోపు నేనొస్తున్నా అంటాడు.

టేపులో తమ్ముడు ఆగడు.

సెప్టెంబరు 2

ఈ పేజీ పొద్దున మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు పడుకున్నాను. మాటలు వస్తున్నాయి, చెయ్యి వాటి వెనకాల వస్తోంది. ఆపరేషన్ సంగతి మర్చిపోకముందే రాయాలి.

లేపినప్పుడు నీలం గుడ్డ గుడారంలా ఉంది. దాని కింద బొమ్మలమ్మ, ముఖానికి మాస్కు, కళ్లు మాత్రమే. నా తల ఎక్కడో పట్టేసి ఉంది, నాది కానట్టు. వెనకాల గుసగుసల డాక్టరు. ఆ రోజు మాత్రం ఆయన ప్రతి మాటా నాకు వినబడింది.

మొదటి బొమ్మ గొడుగు. "గొడుగు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే అక్కడెవరో ఉలిక్కిపడ్డారు. చేప, కుర్చీ, తాళంచెవి. తర్వాత సామెతలు. బొమ్మలమ్మకి ముందే చెప్పాను, నేను సామెతలు లేకుండా మాట్లాడలేనని.

"తాను పట్టిన కుందేలుకు?"

"మూడే కాళ్లు."

"ఇంట గెలిచి?"

"రచ్చ గెలవాలి."

డాక్టరు అక్కడ కొంచెం తీశాడట. తర్వాత రికార్డింగ్ పెట్టింది. నా చెవి పక్కనే నా గొంతు, తమ్ముడి గొంతులో. "అక్కా, తిన్నావా?" నవ్వొచ్చింది. "తినకుండా నీకోసం కూర్చుంటాననుకున్నావా?" అన్నాను. మందులకి కూడా ఏదో అన్నాను. "నేనొస్తున్నా. ఏం తేను?"

జవాబు ఉంది. నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. కరెంటు పోయింది. చీకటి కాదు, మాట ఒక్కటే పోయింది. బొమ్మలమ్మ కళ్లు చూస్తున్నాను. వాడు తలుపు తీసుంచమంటున్నాడు. వాడు చెప్పుకుంటూ పోతున్నాడు. అమ్మ ఇలాగే కళ్లతో చూసేది. అంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు.

"ఆగిపోయింది" అంది బొమ్మలమ్మ.

డాక్టరు పుల్ల తీశాడు. తీయగానే ఆ మాట దానంతటదే బయటపడింది. "నువ్వొస్తే చాలు." వాడు అప్పటికే వేరే మాటలో ఉన్నాడు.

"మళ్లీ చూద్దాం" అన్నాడు డాక్టరు. అదే చోట మళ్లీ తాకాడు. మళ్లీ పోయింది. మూడోసారి కూడా.

"గడ్డ ఇక్కడ కూడా ఉంది" అన్నాడు. మరోసారి చూసి, "ఇది వదిలేద్దాం" అన్నాడు.

నిన్న వచ్చి వివరంగా చెప్పాడు. చాలా వరకు వచ్చేసింది. ఆ చోట కొంచెం మిగిలింది. దానికి కరెంటు పెడతారు, అంటే రేడియేషన్, మాత్రలు ఇస్తారు, ఏడాదికి కొన్నిసార్లు ఆ గొట్టంలో పడుకోబెట్టి చూస్తారు. "అది మళ్లీ పెరగవచ్చు. ఏళ్ల తరబడి పెరగకుండా కూడా ఉండవచ్చు. తీసేస్తే మీ మాట ఉండేది కాదమ్మా" అన్నాడు.

నువ్వొస్తే చాలు. ఆ ఒక్క ముక్క కోసం రోగాన్ని తలలో ఉంచుకున్నాను. ఎవరితోనూ అనని మాట కోసం.

సెప్టెంబరు 4

పెద్దావిడ ఇంటికి వెళ్లిపోయింది. వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. మీ తమ్ముడు ఇంకా రాలేదేంటమ్మా అంది. నేను ద, ద అన్నాను. దారిలో అనేది రాలేదు. అలా రాకపోవడమే మంచిదైంది.

ఆవిడ మంచం మీద కొత్త దుప్పటి పరిచారు. ఎవరూ రాలేదు ఇంకా.

సెప్టెంబరు 5

పాఠం. డబ్బా వాడు మళ్లీ ఆగలేదు. నేను బల్ల మీద గుద్దాను. ఆగరా అన్నాను. ఆ మాట ఒక్కసారిగా వచ్చింది.

బొమ్మలమ్మ రికార్డింగ్ ఆపేసింది. "మీ తమ్ముడు చాలా తొందర మనిషి" అంది. "అసలు మనిషి కూడా ఇంతేనా?"

అసలు మనిషి అంది. తెలుసు తనకి. మొదట విన్నప్పుడే తెలుసు. అయినా ఆ డబ్బా గొంతుని ఆపరేషన్ థియేటర్ దాకా తీసుకెళ్లి, డాక్టర్ల ముందు, నా చెవి పక్కన పెట్టింది. నాకు చచ్చేంత సిగ్గేసింది. కోపం వచ్చింది. తర్వాత రెండూ పోయాయి.

"తె. తెలీదు" అన్నాను. "మా. మారాడేమో."

"అడగందే అమ్మయినా?" అంది బొమ్మలమ్మ.

పెట్టదు. పెట్టదు అన్నాను. అది మాత్రం పొల్లు పోకుండా వచ్చింది.

సెప్టెంబరు 6

చెయ్యలేదు.

సెప్టెంబరు 7

ఈ రోజూ ఫోన్ చెయ్యలేదు. ఏం చెబుతాను? నోరు తెరిస్తే బస్సులు వస్తాయి.

సెప్టెంబరు 8

చేశాను.

మధ్యాహ్నం, వార్డు అంతా పడుకున్నాక. ఈసారి మోగనిచ్చాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనకాల గాజు కోసే చప్పుడు, కీచుమని.

"ఎవరండీ?"

నేను అక్కని. ఇది అనాలి, అంతే. పొద్దున్నుంచి ఇదే వల్లించాను. నోరు తెరిచాను. "ప్రయాణికులకు గమనిక" అన్నాను.

అటువైపు కోత ఆగిపోయింది.

నేను కూడా ఆగిపోయాను. ఫోన్ విసిరేద్దామనుకున్నాను. తలలో అంత పెద్ద కత్తి పెట్టించుకుని, ఇన్ని పాఠాలు చదివి, చివరికి తమ్ముడికి బస్సు చెప్పాను.

"ఓహో" అన్నాడు. వాడే. గొంతు కొంచెం ముదిరింది, ఎత్తిపొడుపు మాత్రం ముదరలేదు. "ఏం, గోడ పలకట్లేదా?"

ఇదీ అసలు మనిషి. ఎన్నాళ్లుగా నోట్లో పెట్టుకుని కూర్చున్నాడో ఆ మాటని. పాత నేనైతే వాడు ఊపిరి తీసుకునేలోపు నాలుగు అంటించేదాన్ని. అంటించాల్సిందేమిటో కూడా నాకు తెలుసు. గోడ నీకంటే నయం, కనీసం నిలబడుతుంది. అది లోపల పూర్తిగా తయారుగా ఉంది. బయటికి ఒక్క అక్షరం రాలేదు.

వాడు కాచుకుని ఉన్నాడు, నా ఎదురుదెబ్బ కోసం. అది రాలేదు.

"అక్కా?"

నేను ఊపిరి తీసుకుంటున్నాను. అది ఒక్కటే వినబడి ఉంటుంది వాడికి.

"అక్కా, ఎదురు మాట అనవేంటి? నువ్వు... ఏమైంది నీకు? మాట... అక్కా, అమ్మకి లాగానా?"

కాదురా అనాలి. అమ్మకి లాగా కాదు, నాకు మందుంది, నన్ను ఇంటికి తీసుకెళ్లమనలేదు, తిరిగొస్తోంది, మెల్లగా వస్తోంది, నువ్వు గుమ్మంలో ఆగక్కర్లేదు అనాలి. ఎన్ని మాటలు! "కా" అన్నాను. "కా. కా."

ఇప్పుడు పెట్టేస్తాడు అనుకున్నాను. చూడలేనివాడు, వినగలడా?

"చెప్పు" అన్నాడు. "మెల్లగా చెప్పు. నేను పెట్టెయ్యను."

ఈ మాట నేను డబ్బాలో పెట్టలేదు. ఎంత మంచివాడిగా చేసినా వాడి చేత ఈ మాట అనిపించాలని నాకు తోచలేదు.

పెట్టెయ్యలేదు. ఫోన్‌లో వాడి ఊపిరి వినబడుతోంది. ఎవరో వాణ్ని పిలిచారు, "ఆగరా, మా అక్క మాట్లాడతాంది" అన్నాడు వాళ్లతో. నేనింకా ఏమీ మాట్లాడనే లేదు. ఎంతసేపు అలా ఉన్నామో నాకు తెలియదు. కన్నీళ్లు నోట్లోకి వస్తున్నాయి. వాడు ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.

వెతికి వెతికి, చివరికి వాళ్లు నా తలలో ముట్టుకోకుండా వదిలేసిన చోటికి వెళ్లాను. అది అక్కడే ఉంది.

"నువ్వు" అన్నాను. "వస్తే." తర్వాతది చాలాసేపు పట్టింది. వాడు ఉన్నాడు. "చాలు."

అటు నుంచి ఏమీ రాలేదు. ఇప్పుడు వాడికి మాట రావడం లేదు. నేనూ ఆగాను.

సెప్టెంబరు 9

పొద్దున్నే వాడు బస్సెక్కి ఫోన్ చేశాడు. తర్వాత బొమ్మలమ్మ అట్టలు తెచ్చింది. నా ముఖం చూసి అట్టలు పక్కన పెట్టింది. "తమ్ముడుగారు?" అంది.

దా. దారి. దారిలో. పట్టింది కొంచెంసేపు. తను ఆగింది.

"దారిలో ఉన్నాడు" అన్నాను.